మా పాపను లాసా దాకా చేర్చిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లె. తోతాపురి మామిడి తోట మీదే మా బతుకు. మా పాప చైనాలో ఎంబీబీఎస్ నాలుగో సంవత్సరం చదువుతోంది. 2025 జులై సెలవుల్లో టిబెట్‌లోని లాసాకు పోయి క్షేమంగా తిరిగొచ్చింది. ఆ ప్రయాణం మధ్యలోనే ఆగిపోవాల్సింది. ఆగకుండా చూసిన వాళ్లకు ఫోన్‌లో ఒక మాట చెప్పి ఊరుకోవడానికి మనసొప్పక ఇక్కడ రాస్తున్నాను. పేర్లు పెట్టొద్దని వాళ్లే అన్నారు. చదివితే ఎవరి గురించో వాళ్లకు తెలుస్తుంది.

అసలు లాసా ఎందుకంటే, మా అమ్మ కోసం. ఆమెకు 74 ఏళ్లు, పుట్టిల్లు శ్రీకాళహస్తి. దక్షిణ కైలాసం అని పిలిచే ఆ గుడి చుట్టూ ఆడుకుంటూ పెరిగింది. అసలు కైలాసం ఒక్కసారి చూడాలని ఎప్పటి నుంచో కోరిక. మన విదేశాంగ శాఖ జరిపే మానస సరోవర యాత్ర 2020 నుంచి ఆగిపోయి 2025లో మళ్లీ మొదలవుతోందని టీవీలో విని చాలా ఆశపడింది. కానీ 70 ఏళ్లు దాటితే ఆ యాత్రకు తీసుకోరు. ఆ సంగతి చెప్పిన రోజు అమ్మ మారు మాట్లాడలేదు. చేట ముందు పెట్టుకుని చీకటి పడేదాకా బియ్యం ఏరుతూ కూర్చుంది. విషయం తెలిసి పాప ఫోన్ చేసి, "అవ్వా, నేను ఇక్కడే ఉన్నాను కదా, నేను పోయొస్తాలే" అంది.

కైలాసం ఉన్న పశ్చిమ టిబెట్ సరిహద్దు ప్రాంతం. అక్కడికి పోవాలంటే పోలీసుల అనుమతి, మిలిటరీ అనుమతి వేరుగా కావాలి. అందుకని కనీసం లాసా అయినా చూసొస్తానని పాప పట్టుబట్టింది. తన క్లాసులోని చైనా అమ్మాయిలు కొందరు రైల్లో పోతున్నారట, మాతో రమ్మన్నారట. ప్రయాణానికి 15 రోజుల ముందు టికెట్లు వదులుతారు, వదలగానే అందరితో పాటు కొనేసింది. చైనా వీసా ఉంది, రెసిడెన్స్ పర్మిట్ ఉంది, ఇంకేం కావాలి అని మేమూ అనుకున్నాం.

ఇక్కడే మదనపల్లె అమ్మాయి గురించి చెప్పాలి. అదే కాలేజీలో చదువు ముగించి ఇప్పుడు ఇంట్లో, విదేశాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్లు ఇక్కడ పాసవ్వాల్సిన పరీక్ష అయిన ఎఫ్‌ఎంజీఈకి ప్రిపేర్ అవుతోంది. మా పాప ఏదో పుస్తకం అడగడానికి ఫోన్ చేసి మాటల్లో లాసా సంగతి చెప్పిందట. ఆ అమ్మాయి అరగంటలో నాకే ఫోన్ చేసింది. "అంకుల్, చైనా వాళ్లకు పర్మిట్ అక్కర్లేదు, మనకు కావాలి. అది లేకుండా పోతే రైలు కూడా ఎక్కనివ్వరు. ఆ టికెట్ వెంటనే క్యాన్సిల్ చేయించండి" అంది. గంట సేపు ఓపిగ్గా అన్నీ చెప్పింది. విదేశీ పాస్‌పోర్టు ఉన్న ఎవరైనా, చైనాలోనే చదువుతున్న పిల్లలైనా సరే, టిబెట్ టూరిజం శాఖ ఇచ్చే ట్రావెల్ పర్మిట్ ఉంటేనే లాసాకు పోగలరు. అది మనంతట మనం అప్లై చేసుకునేది కాదు. రిజిస్టరైన ట్రావెల్ ఏజెన్సీ ద్వారానే రావాలి, అదీ ముందే టూర్ బుక్ చేసుకుంటేనే. గైడ్ వెంట ఉండాలి, సొంతంగా తిరగకూడదు. పాస్‌పోర్టు ఫొటో పేజీ, రెసిడెన్స్ పర్మిట్ పేజీ, వాటితో పాటు ఈ విద్యార్థి మా దగ్గరే చదువుతోందని కాలేజీ ముద్రతో ఒక లెటర్ పంపాలి. కనీసం 20 రోజుల ముందు మొదలుపెట్టాలి. ఫిబ్రవరి చివర, మార్చి నెలలో సాధారణంగా విదేశీయులకు ఇవ్వనే ఇవ్వరు. విమానంలో పోతే పర్మిట్ ఒరిజినల్ చేతిలో ఉండాలి, రైలుకైతే కాపీ సరిపోతుంది. ఇదంతా చెప్పి, తను పోయినప్పుడు వాడిన ఏజెన్సీ వివరాలు కూడా ఇచ్చింది. ఖర్చు తగ్గడానికి గుంపుగా పొమ్మని చెప్పి, లాసా పోవాలనుకుంటున్న ఇద్దరు కేరళ అమ్మాయిలను, ఒక తమిళ అమ్మాయిని కూడా తనే కలిపింది. చదువుకునే పిల్ల, పరీక్ష నెత్తి మీద ఉంది, మేమేమో తనకు ఏమీ కాము.

ప్రయాణం జులై చివరికి మార్చుకున్నారు. ఒక రోజు పొద్దున నేను పల్ప్ ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ లైన్లో ఉన్నాను. రెండో రోజు అది, కాయలు మెత్తబడుతున్నాయి. పాప ఏడుస్తూ ఫోన్ చేసింది. కాలేజీ ఇచ్చిన లెటర్‌లో ఇంటిపేరు లేదు, తన పేరు మాత్రమే ఉంది. పాస్‌పోర్టులో రెండూ ఉన్నాయి. పేరు అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే పర్మిట్‌కు పంపుతామని ఏజెన్సీ వెనక్కి పంపింది. సెలవులు కాబట్టి ఆఫీసులో ఎవరూ లేరట. ట్రాక్టర్ వదిలి పోలేను, ఇక్కడి నుంచి చేయగలిగిందీ లేదు. అంత టెన్షన్ ఈ మధ్య ఎప్పుడూ పడలేదు.

ఆ రోజు సాయంత్రం విదేశీ విద్యార్థుల ఆఫీసులో పనిచేసే ఒక మేడమ్, సెలవులో ఉన్నావిడ, పిల్లల మెసేజ్ చూసి ఇంటి నుంచి వచ్చి ఆఫీసు తెరిచారు. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం చూసుకుంటూ కొత్త లెటర్ టైప్ చేసి, ఎర్ర ముద్ర వేసి ఇచ్చారు. పాప ఆ లెటర్ ఫొటో నాకు పంపింది. ఇంటిపేరు కింద ఆమె పెన్సిల్‌తో సన్నగా గీత పెట్టి సరిచూసుకున్న గుర్తు ఇంకా కనిపిస్తోంది. ఆ తల్లికి తెలుగు రాదు, ఈ మాటలు చదవలేదు. పాప చైనా భాషలో చెప్తానంది.

చిత్తూరులో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టర్ గారికి, తిరుపతి డాక్టర్ గారికి కూడా చేతులెత్తి నమస్కారం. సార్ పదేళ్ల కిందట కైలాస యాత్ర చేసి వచ్చారు. మన తిరుమల సుమారు మూడు వేల అడుగులే, లాసా సుమారు 12,000 అడుగులు, మొదటి రెండు రోజులు స్నానం కూడా తొందరపడి చేయకూడదు అని ఆయన చెప్పేదాకా మాకు ఆ ఊహే లేదు. కొండ ఎత్తుకు వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి అడగడానికి తిరుపతి పోయాం. పాపకు సల్ఫా మందులు పడవని చిన్నప్పుడు రాసిచ్చిన చీటీ చూపిస్తే డాక్టర్ గారు ఆ మాత్ర వద్దన్నారు. దాని బదులు లాసా రైలు దారిలోని షినింగ్‌లో రెండు రోజులు ఆగి, ఒళ్లు అలవాటు పడ్డాక రైలెక్కమన్నారు. ఆ ఊరు ఏడు వేల అడుగులకు పైనే ఉంటుంది. ఫీజు ఇస్తే తీసుకోలేదు.

షినింగ్ స్టేషన్‌లో పర్మిట్ కాపీ, పాస్‌పోర్టు చూసి పంపించారు. లాసాకు 1,956 కిలోమీటర్లు. దారిలో 5,072 మీటర్ల ఎత్తున టాంగులా కనుమ దాటేటప్పుడు పెట్టెల్లో ఆక్సిజన్ వదులుతారట. పాపకు కొంచెం తలనొప్పి తప్ప ఏమీ కాలేదు. పొటాలా ప్యాలెస్ చూసింది. జోఖాంగ్ గుడి ముందు ముసలివాళ్లు చెక్క పలకలు చేతులకు తొడుక్కుని సాష్టాంగం పడి లేచి, మళ్లీ పడుతుంటే తిరుమలలో అంగప్రదక్షిణం గుర్తొచ్చి కళ్లు తడిసాయంది.

చివరి రోజు ఎయిర్‌పోర్టుకు పోయే దారిలో యార్లుంగ్ త్సాంగ్పో నది వస్తుంది. కిందికి వచ్చి మన బ్రహ్మపుత్ర అయ్యేది అదే, పుట్టేది కైలాసం, మానస సరోవరం ఉన్న వైపే. గైడ్‌కు అవ్వ సంగతి చెప్తే, అడక్కుండానే కారు ఆపించి ఒడ్డు దాకా తీసుకుపోయాడు. పాప ఒక చిన్న సీసాలో నీళ్లు పట్టుకుంది. ఆ బాబుకు కూడా మా కృతజ్ఞతలు.

ఆగస్టులో పాప ఇంటికొచ్చింది. అమ్మ ఆ సీసా రెండు చేతులతో తీసుకుని చాలా సేపు అలాగే పట్టుకుంది. కొంచెం దేవుడి గూట్లో పెట్టి, మిగిలినవి కాళహస్తి తీసుకుపోయి స్వర్ణముఖిలో కలిపింది. తర్వాత గుళ్లో మీ అందరి పేర్ల మీద అర్చన చేయించింది.

చైనాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే, కాలేజీ లెటర్ ఎలా ఉండాలో ఆ నమూనా మా దగ్గరుంది, అడిగితే పంపిస్తాం. వచ్చే జూన్‌లో కాయలు కోతకొచ్చినప్పుడు సార్‌కు, డాక్టర్ గారికి, మదనపల్లెకు తలా రెండు క్రేట్లు నేనే తెచ్చిస్తాను, దయచేసి వద్దనకండి.

మదనపల్లె పాపా, అర్చనలో నీ గోత్రం తెలియక అవ్వ శివ గోత్రం అని చెప్పించిందట, అది ఆమె మనసులో ఉండిపోయింది. నీ పరీక్ష పాసవ్వాలని వచ్చే సోమవారం మళ్లీ కాళహస్తికి పోతోంది. గోత్రం, నక్షత్రం మెసేజ్ పెట్టమ్మా.