భవంతితోపాటు మూలనిధి కూడా రాసివ్వాలి

సంపాదకులకు,

స్విట్జర్లాండ్‌లోని బాడెన్ పట్టణంలో ఉన్న లాంగ్‌మాట్ మ్యూజియం 2023 నవంబర్‌లో ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ గీసిన తన మూడు చిత్రాల్ని న్యూయార్క్‌లో వేలం వేసింది. కమిషన్‌తో కలిపి 5 కోట్ల డాలర్ల పైచిలుకు పలికాయి. మ్యూజియం సొత్తు అమ్మి ఖర్చులు వెళ్లదీసుకోవడం ఏమిటని పెద్ద దుమారం రేగింది. ఆ బాధ మాకూ ఉంది. కానీ సొంత ఇంటిని మ్యూజియం చేసి వెళ్లే ఏ కుటుంబమైనా ఈ ఉదంతం నుంచి తెలుసుకోవలసింది వేరే ఉంది.

లాంగ్‌మాట్ మొదట ఒక కుటుంబం ఇల్లు. ఆ విల్లాను 1900-01లో వాస్తుశిల్పి కార్ల్ మోజర్ కట్టాడు. కట్టించుకున్నది సిడ్నీ, జెనీ బ్రౌన్ దంపతులు. కొన్నేళ్లకే బొమ్మల కోసం ప్రత్యేకంగా ఒక హాలు కలిపారు. రెన్వా, సెజాన్, పిస్సారో, మోనే చిత్రాలు ఆ ఇంటి గోడలకెక్కాయి. 1987లో కుమారుడు జాన్ మరణంతో అన్నీ ఫౌండేషన్ పరమయ్యాయి. 1990లో తలుపులు జనానికి తెరుచుకున్నాయి. ఇల్లుంది, బొమ్మలున్నాయి, ఆ రెండింటినీ కలకాలం పోషించేంత డబ్బు మాత్రం లేదు.

న్యూయార్క్‌లోని ఫ్రిక్ మ్యూజియాన్ని చూడండి. 1919లో పారిశ్రామికవేత్త హెన్రీ క్లే ఫ్రిక్ చనిపోతూ ఇంటిని, చిత్రాల్ని ఇచ్చి, వాటి బాగోగులకు కోటిన్నర డాలర్లు మూలనిధిగా, అంటే అసలు కదపకుండా రాబడి మాత్రమే వాడుకునేలా, విడిగా రాసిపెట్టాడు. తేడా అంతా ఇక్కడే ఉంది.

పాత ఇంటికి అంత ఖర్చేమిటని అడిగేవారు ముందు కప్పు చూడాలి. చూరు వెంబడి వాననీటి కాలువలో ఎండుటాకులు అడ్డుపడితే చాలు, నీళ్లు పొర్లి గోడలోకి దిగుతాయి. ఆ చెమ్మ కనబడకూడదని పాత సున్నపు గోడ మీద సిమెంటు పూస్తారు. అంతకన్నా చేటు లేదు. లోపలి తడి బయటికి పోయే దారి మూసుకుపోయి ఇంకాస్త పైకి ఎగబాకుతుంది, గోడ ఉప్పు కక్కుతుంది, పెచ్చులూడతాయి. పగిలిన చోట మళ్లీ సున్నమే పూయాలి.

బయటి గోడ ఎప్పుడూ చల్లగా ఉంటుంది కాబట్టి విలువైన చిత్రాన్ని దానికి తగిలించకూడదు. తప్పనిసరైతే చట్రం కింది మూలల్లో బెండు ముక్కలు అంటించి గోడకు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎడం ఉంచాలి. కాన్వాసు వెనక అట్ట బిగించాలి. చలిమంట గూటి మీద గోడ ఎంత అందంగా ఉన్నా, మసి, వేడి కలిసి బొమ్మను తినేస్తాయి.

వెలుతురు చేసే నష్టం నెమ్మదైనది, తిరిగిరానిది. నీటిరంగుల చిత్రానికి, కాగితానికి, బట్టకు 50 లక్స్ (వెలుతురు కొలమానం), తైలవర్ణానికి 150-200 లక్స్ మించకూడదు. కిటికీలోంచి నేరుగా పడే ఎండ 50 వేలు దాటగలదు. ఆ ఎండలో ఒక గంట ఉంచితే, 50 లక్స్‌లో రోజుకు 8 గంటల చొప్పున 125 రోజులు ప్రదర్శించినంత. పట్టుబట్ట అతికిన గోడ మీద నుంచి పాత చిత్రాన్ని దించి చూడండి: చుట్టూ వెలిసిపోయిన ఎరుపు, చట్రం వెనక మాత్రం కొత్త చీర రంగు! అందుకే అద్దాలకు అతినీలలోహిత కిరణాల్ని ఆపే పొర అంటించి, సందర్శకులు లేనప్పుడు కిటికీ రెక్కలు మూసెయ్యాలి.

తేమ విషయం ఇంకా చిక్కు. గాలిలో తేమ 45-55 శాతం మధ్య నిలకడగా ఉంటే చిత్రాలకు మంచిది. 65 దాటితే బూజు. చలిదేశాల్లో శీతాకాలం హీటర్లు వేస్తే 30కి పడిపోయి, చెక్క మీద వేసిన బొమ్మ బిగుసుకుని రంగు పొరలు లేస్తాయి. తేమ పెంచే యంత్రం పెడితే కిటికీల ఒంటిపొర అద్దాల మీద నీరు పట్టి, కారి, కిటికీ కింది చెక్క చట్రం కుళ్లుతుంది. కరెంటు ఆదాకని రాత్రి యంత్రాలన్నీ ఆపడం మరీ హానికరం; రోజూ ఎక్కి దిగే తేమే బొమ్మకు అసలు శత్రువు. కొత్త భవనంలో ఒక్క యంత్రంతో తీరే సమస్యకు పాత విల్లాలో గదిగదికీ వేరే ఉపాయం కావాలి. డబ్బు పోయేది ఇక్కడే.

ఆ వేలంతో లాంగ్‌మాట్ ఆశించిన నిధి 4 కోట్ల స్విస్ ఫ్రాంకులు. అసలు కరగకుండా ఏటా 3 శాతం తీస్తే చేతికొచ్చేది 12 లక్షలు. జీతాలు, బీమా, కాపలా, మరమ్మతులు అన్నీ అందులోనే. ఇల్లు దానమిచ్చేవారు ఈ లెక్క తిరగేసి వెయ్యాలి: ఏడాది ఖర్చుకు సుమారు 33 రెట్లు మూలనిధి.

వీలునామాలో షరతులు కూడా ఆలోచించి రాయాలి. బోస్టన్‌లో తన ఇంటినే మ్యూజియం చేసిన ఇసబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్, అందులో తాను చేసిన అమరికను మార్చవద్దని రాశారు. 1990లో 13 కళాఖండాలు దొంగలపాలైతే, ఖాళీ చట్రాలు నేటికీ ఆ గోడలకే వేలాడుతున్నాయి. చూస్తే గుండె తరుక్కుపోతుంది, ఆ నిష్ఠకు గౌరవమూ కలుగుతుంది. అయినా విపత్తు వస్తే ఏం చెయ్యాలో, ఏ చిత్రాలు ఎన్నటికీ అమ్మకూడదో, తప్పనిసరైతే ముందు ఏవి అమ్మాలో రాసి ఉంచడం మేలు. కొన్న రసీదులు, పాత యజమానుల వివరాలు కూడా జతచెయ్యాలి. లాంగ్‌మాట్ అమ్మిన మూడింటిలో అల్లంజాడీ, పండ్లు ఉన్న చిత్రం, ఒకనాటి యూదు యజమాని వారసులతో ఒప్పందం కుదిరాకే వేలానికి వెళ్లింది.

కుటుంబాలు ఇల్లూ బొమ్మలూ ఇస్తున్నామని ప్రకటించినప్పుడు, మూలనిధి ఎంత, కప్పు ఎప్పుడు బాగుచేశారు అన్న రెండు ప్రశ్నలు మీ విలేకరులు అడగాలని మా విన్నపం.

ఇట్లు,
చిత్రాల సంరక్షణ పనిలో ఉన్న కొందరు పాఠకులు