గీత కింద ఊరి పేరు

ఎక్సెటర్, ఇంగ్లండ్
నవంబరు 9

బాపుకు,

నీకూ అమ్మకూ నమస్కారం. మేమందరం బాగున్నాం. పాపకు జలుబు తగ్గింది, సోమవారం నుంచి బడికి పోతోంది. ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడుతోంది. నైట్ డ్యూటీ ఉన్న వారాల్లో నేను ఎండ మొహమే చూడడం లేదు.

మొన్న ఫోన్‌లో "చిలుము పట్టిన పైసలకు పౌండ్లు పెడుతున్నవట, ఏం పని బిడ్డా అది" అని అడిగావు. జవాబు చెప్పేలోపే అమ్మ ఫోన్ తీసుకుంది. ఫోన్‌లో చెప్తే సగమే చెప్తాను, అందుకే రాస్తున్నా.

దసరా సెలవుల్లో డాల్డా డబ్బా చాప మీద బోర్లించి, నాకూ తమ్ముడికీ చారాణాలు, ఆఠాణాలు ఏరే పని ఇచ్చేవాడివి. సంవత్సరం కింద చూడమనేవాడివి. చుక్క ఉంటే నోయిడా, డైమండ్ ఉంటే బొంబాయి, ఏమీ లేకపోతే కలకత్తా, నక్షత్రం ఉంటే మన హైదరాబాదు. నక్షత్రం పైస దొరికితే అది నాదంటే నాదని ఇద్దరం కొట్లాడేవాళ్లం. చేతిలో ఉన్న పైస ఏ ఊళ్లో పుట్టిందో దాని మీదే రాసి ఉంటుందని నాకు మొదట చెప్పింది నువ్వే. ఇప్పుడు నేను చేస్తున్నదీ అదే పని బాపూ. కాకపోతే ఈ పైసలు పదహారు వందల ఏళ్లు దాటినవి.

నేను పోగుచేస్తున్నవి రోమను చక్రవర్తి కాన్‌స్టాంటైన్, అతని కొడుకుల కాలపు కంచు నాణేలు. మన పాత పావలా కన్నా చిన్నవి. క్రీ.శ. 330లో కాన్‌స్టాంటినోపుల్‌ను కొత్త రాజధానిగా ప్రారంభించినప్పటి నుంచి సామ్రాజ్యమంతటా ఒకే రకం బొమ్మలతో వీటిని కొట్టారు. ఒక రకం మీద ఇనుప టోపీ పెట్టుకున్న రోమా దేవత ఉంటుంది. బొరుసు వైపు ఇద్దరు మగపిల్లలకు పాలిస్తూ వెనక్కి తిరిగి చూస్తున్న ఆడ తోడేలు, దాని పైన రెండు నక్షత్రాలు. ఇంకో రకానికి బొరుసు వైపు ఈటెలు పట్టుకున్న ఇద్దరు సైనికులు, వాళ్ల మధ్య రెండు ధ్వజాలు. బొమ్మ కింద ఒక అడ్డగీత, ఆ గీత కింద నాలుగైదు అక్షరాలు. ఆ అక్షరాలే మన నక్షత్రం గుర్తు లాంటివి.

టి.ఆర్. అంటే ఇప్పటి జర్మనీలోని ట్రియర్. ఎస్.ఐ.ఎస్. అంటే క్రొయేషియాలోని సిసాక్. ఎస్.ఎం.ఎ.ఎల్. అంటే ఈజిప్టులోని అలెగ్జాండ్రియా. అందులో ఎస్.ఎం. అంటే పవిత్ర టంకశాల అని అర్థం. ఊరి పేరుతో కూడా ఆగరు, టంకశాలలో ఏ విభాగం కొట్టిందో ఇంకో అక్షరం వేస్తారు. ట్రియర్‌లో లాటిన్ అక్షరం, తూర్పు ఊళ్లలో గ్రీకు అక్షరం. నేను మొదట్లో ఒక తప్పు చేశాను. సి.ఒ.ఎన్.ఎస్.టి. అని చదివి కాన్‌స్టాంటినోపుల్ అని కవరు మీద రాసిపెట్టాను. అది ఫ్రాన్స్‌లోని ఆర్ల్ అట. అప్పట్లో ఆ ఊరికి కాన్‌స్టాంటీనా అని పేరు పెట్టారు. చివరి 'టి' లేకుండా సి.ఒ.ఎన్.ఎస్. అని ఉంటేనే కాన్‌స్టాంటినోపుల్. ఒక్క అక్షరానికి ఆ నాణెం ఎంత దూరం జరిగిందో చూడు!

కానీ నన్ను కూర్చోబెట్టింది అక్షరాలు కాదు. అవి అరిగిపోయినా ఊరు తెలుస్తుంది, అదీ నాకు నచ్చింది. అప్పట్లో అచ్చులు చేత్తోనే చెక్కేవాళ్లు, రెండు అచ్చుల మధ్య బిళ్ల పెట్టి సుత్తితో కొట్టేవాళ్లు. చెక్కాల్సిన బొమ్మ అన్ని ఊళ్లకూ ఒకటే, చెక్కిన చేతులు వేరు. ఒకే ముగ్గు అమ్మ వేసినా చిన్నమ్మ వేసినా చుక్కలు అవే, అయినా ఎవరు వేశారో బజారు నుంచే చెప్పేవాళ్లం కదా, అలాగన్నమాట. నా దగ్గర రెండు తోడేళ్లు ఉన్నాయి. ట్రియర్ తోడేలుకు మెడ మీద వెంట్రుకలు గీత గీతగా చెక్కారు, పిల్లల చేతులు పాల కోసం పైకి లేచి ఉన్నాయి. అలెగ్జాండ్రియా తోడేలు కాళ్లు పుల్లల్లా ఉన్నాయి, పిల్లలు రెండు చుక్కలు, రెండు గీతలు, అంతే. మొదట అది నాసిరకం అనుకున్నాను. ఇప్పుడు నాకు అదే ఎక్కువ ఇష్టం. నాలుగు గీతల్లో అది తోడేలని, తల్లని తెలిసేలా చెక్కాడు కదా, అతనెవరో గానీ.

చక్రవర్తుల ముఖాలూ అంతే. కాన్‌స్టాంటైన్‌నూ కొడుకులనూ పేరు చదవకుండా గుర్తుపట్టడం కష్టం. ఒకే ఊళ్లో కొట్టిన వాటిలో అందరికీ అదే ముక్కు, అదే దవడ. చక్రవర్తి కన్నా చెక్కినవాడే ఎక్కువ కనిపిస్తాడు.

మన రూపాయి బిళ్ల 1992లో చిన్నదై స్టీలుకు మారినప్పుడు నువ్వు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించావు. ఇక్కడా అదే కథ. 335 దాటాక దాదాపు రెండున్నర గ్రాముల సైనికుల నాణేన్ని ఒకటిన్నర గ్రాములకు దించారు. బిళ్ల చిన్నదైంది, ఇద్దరు సైనికుల మధ్య ఒక్క ధ్వజమే మిగిలింది. కాబట్టి ధ్వజాలు లెక్కపెడితే చాలు, ఏది ముందుదో ఏది తర్వాతదో చెప్పొచ్చు.

నీకు చెప్పకుండా ఉండలేని సంగతి ఒకటుంది. మొదటి ఏడాది ఒక నాణేన్ని అమ్మ రాగి చెంబు తోమినట్టు చింతపండుతో రుద్దాను. చిలుముతో పాటు ఆకుపచ్చటి పై పొర అంతా పోయింది. అక్షరాలు నిలిచి ఉన్నది ఆ పొరలోనేనట. కింద ఎర్రగా గుంటలు పడ్డ రేకు మిగిలింది. అన్నేళ్లు మట్టిలో భద్రంగా ఉన్నదాన్ని నేను పది నిమిషాల్లో పాడుచేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్‌లో వారాల తరబడి నానబెట్టి, వెదురు పుల్లతో కొంచెం కొంచెంగా మట్టి తీస్తున్నాను. పాడుచేసిన ఆ నాణేన్ని మాత్రం పారేయలేదు, విడిగా దాచాను.

నువ్వు వచ్చినప్పుడు మా ఊరి మ్యూజియానికి తీసుకెళ్తాను. 2013లో ఈ డెవన్ జిల్లాలోనే సీటన్ దగ్గర ఒక్క గుంటలో 22,888 నాణేలు దొరికాయి, దాదాపు అన్నీ ఇలాంటి చిన్నవే. 325లో లండన్ టంకశాల మూతపడింది. ఆ తర్వాత ఈ దీవికి పైసలు ట్రియర్, లియోన్, ఆర్ల్ నుంచి సముద్రం దాటి రావాల్సిందే. 340ల్లో సరిగ్గా రాకపోయేసరికి ఇక్కడివాళ్లే సొంతంగా కొట్టుకున్నారు. వాటి మీద అక్షరాలు అక్షరాలే కావు, చదువు రానివాళ్లు చూసి గీసినట్టు ఉంటాయి. దొంగ నాణేలని కొందరు తీసిపారేస్తారు. చిల్లర లేకపోతే సంత ఎలా జరుగుతుంది? నాకైతే వాళ్ల మీద గౌరవమే.

ఇలాంటి చిన్న రోమను కంచు నాణేలు తమిళనాడులో కరూరు, మదురై దగ్గర, శ్రీలంకలో కూడా దొరికాయి. ఆ మాట చదివినప్పుడు నువ్వు పిల్లలను కోటిలింగాలకు తీసుకెళ్లి, గోదావరి ఒడ్డున శాతవాహన రాజు చిముకుడి నాణేల గురించి చెప్పిన రోజు గుర్తొచ్చింది. నేను ఆ రోజు ఎండకు ఏడ్చాను, సరిగ్గా వినలేదు. మళ్లీ చెప్పు, ఈసారి వింటాను.

కాగితం కింద పైస పెట్టి పెన్సిల్‌తో రుద్దడం నువ్వు నేర్పిందే. కానీ ఇంత పాత వాటిని రుద్దడానికి చెయ్యి రాలేదు. భూతద్దంలో చూస్తూ నాలుగు బొరుసులు పెద్దగా గీసి వెనక పేజీలో పెట్టాను. గీత కింద అక్షరాలు కావాలనే గీయలేదు. నాలుగూ నాలుగు ఊళ్లవి, వాటిలో రెండు ఊళ్ల చెక్కుడు తీరు పైనే చెప్పాను. తోడేలు మెడ చూడు, సైనికుల కాళ్లు చూడు. ఏ రెండు ఎక్కడివో ఆదివారం ఫోన్‌లో చెప్పు. అమ్మకు ఫోన్ ఇవ్వకముందే.

నీ బిడ్డ