గుడౌరి కొండ మీద నా పక్కన కూర్చున్న అన్నయ్యకు

అన్నయ్యా, కంగారులో మీ పేరు అడగలేదు. ఆ వెలితి ఇంటికి వచ్చాక కూడా పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. జార్జియా దేశంలో మెడిసిన్ చదువుతూ, సెలవుల్లో క్లాస్‌మేట్స్‌తో అక్కడి మంచుకొండల్లోని గుడౌరికి స్కీయింగ్‌కి, అంటే కాళ్ళకు స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని మంచు మీద జారడానికి, వెళ్ళాను. మా జిల్లాలో మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తు, అయినా అక్కడ ఉండేది పొగమంచే. గడ్డకట్టిన మంచు మీద నిలబడటం నాకు అదే మొదటిసారి.

ఆ వారం కొత్త మంచు పడలేదు. పగలు ఎండకు కరిగింది రాత్రికి గడ్డకట్టి, పొద్దున్నకి గచ్చులా అయింది. అక్కడక్కడ రాళ్ళు కూడా తేలాయి. మెత్తటి మంచులో స్కీ అంచు దిగి పట్టు దొరుకుతుంది. ఆ గట్టి పొర మీద కొత్తవాళ్ళకు ఆగడం కష్టం. జారి పడ్డాను, మోకాలు మెలితిరిగింది. స్నేహితులంతా అప్పటికే కిందికి వెళ్ళిపోయారు. నొప్పికి "అమ్మా" అని అరిచాను.

"ఏటమ్మా, తెలుగా? కదలకు" అంటూ మీరు వచ్చారు. శ్రీకాకుళం వైపు మాట! సగం టెన్షన్ అక్కడే పోయింది. వెనక వచ్చేవాళ్ళు చూసి తప్పుకునేలా మీ స్కీలు రెండూ నాకు పైవైపున ఇంటూ గుర్తులా గుచ్చారు. మీ జాకెట్ తీసి నా కింద వేశారు. రెస్క్యూవాళ్ళు మంచు మీద లాగే స్లెడ్జ్ బండి తెచ్చేదాకా, ఆ చలిలో, స్వెటర్‌తోనే కూర్చున్నారు. మా అమ్మకు ఫోన్ చేసి, అమ్మాయి బాగానే ఉందని చెప్పింది కూడా మీరే.

లిగమెంట్ సాగింది, అంతే. ఇప్పుడు నడుస్తున్నాను. అమ్మ రోజూ దీపం పెట్టేటప్పుడు "ఆ బాబు చల్లగా ఉండాలి" అంటుంది. ఇది మీ కంటపడితే పర్లాకిమిడి రండి అన్నయ్యా, మా ఇంట్లో భోంచేసి వెళ్ళాలి.