ఇంజిన్ క్లీనింగ్: ఇకపై ఏం చేస్తాం, ఏం చేయం

వాష్‌కి బండి ఇచ్చేటప్పుడు "పనిలో పనిగా ఇంజిన్ కూడా కొట్టేయండి" అని చాలామంది అడుగుతుంటారు. ఇకపై ఆ పని వాష్‌తో కలపం, విడిగా తీసుకుంటాం. ఇంజిన్ చల్లారాకే మొదలుపెట్టాలి, తడి ఆరాకే బండి ఇవ్వాలి. పూట పడుతుంది.

దీనివల్ల మైలేజీ పెరగదు, పికప్పూ పెరగదు. అసలు లాభం లీకులు బయటపడటం. ఆయిలూ దుమ్మూ కలిసి గడ్డకట్టిన జిడ్డు కింద వాల్వ్ కవర్ గాస్కెట్ (ఇంజిన్ పై మూత కింద ఆయిల్ కారకుండా ఉండే సీలు) కారుతున్నా తెలియదు. శుభ్రమైన ఇంజిన్ మీద చిన్న తడి కూడా దాగదు. పైగా ఆయిల్ పట్టిన రబ్బరు హోసులు ఉబ్బి మెత్తబడతాయి. ఎగ్జాస్ట్ పక్కన చేరిన ఎండుటాకులు, ఎలుకలు పేర్చిన పీలికలు నిప్పంటుకోవచ్చు. వైపర్ల కింది జాలీలో ఆకులు అడ్డుపడితే వాన నీళ్లు క్యాబిన్‌లోకి దిగుతాయి.

ముందు ఎండు చెత్త ఏరి, గాలి కొడతాం. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది), ఫ్యూజ్ బాక్స్, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్), ఎయిర్ ఫిల్టర్ మూతి పాలిథిన్‌తో చుడతాం. నీటితో కలిసే డీగ్రీజర్‌ను (జిడ్డు వదిలించే ద్రావణాన్ని) కింది నుంచి పైకి చల్లి, మూడు నాలుగు నిమిషాలు నాననిచ్చి బ్రష్‌తో రుద్దుతాం. అది అక్కడే ఎండితే అల్యూమినియం మీద మరకలు పడతాయి కాబట్టి భాగాలు భాగాలుగా చేస్తాం. కడగడానికి సన్నటి ధారే. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్నదానికి గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా చాలు.

ప్రెషర్ గన్ బానెట్ కింద వాడం. ఆ ఒత్తిడికి నీళ్లు కనెక్టర్ల సీళ్లు దాటిపోతాయి, రేడియేటర్ రెక్కలు వంగిపోతాయి. పెట్రోల్ బండిలో స్పార్క్ ప్లగ్ గుంటల్లో నీళ్లు నిలిస్తే కాయిల్ బూట్ (ప్లగ్‌ను కప్పే రబ్బరు తొడుగు) దగ్గర కరెంటు లీకై మిస్‌ఫైర్ మొదలవుతుంది, అంటే ఇంజిన్ సరిగా మండక కుదుపుతుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. అందుకే ఆ గుంటలకు ప్రత్యేకంగా గాలి కొట్టి ఆరబెడతాం. కిరోసిన్, డీజిల్ స్ప్రే అడగొద్దు: కాసేపు మెరిసినా రబ్బరు పాడవుతుంది, వేడికి అంటుకునే భయం ఉంటుంది, దుమ్ము కూడా రెట్టింపు పడుతుంది. పాలిష్ కూడా ప్లాస్టిక్ కవర్లకే, బెల్టుకు తగిలితే జారి కీచుమంటుంది.

చివర్లో చుట్టిన పాలిథిన్ తీసి, పది పదిహేను నిమిషాలు ఇంజిన్ నడిపి చూస్తాం. ఆరెంజ్ కేబుళ్లున్న (హై వోల్టేజీ వైర్లు) హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లకు తడిబట్టతో పైపైన తుడవడం తప్ప నీళ్లు పోయం.

బయట వేయించిన హారన్, లైట్ల వైరింగ్ ఉంటే ముందే చెప్పండి. టేపు చుట్టిన జాయింట్లలోకే నీళ్లు ముందు దిగుతాయి. డాష్‌బోర్డులో ఇప్పటికే ఏదైనా లైటు వెలుగుతుంటే ముందు మెకానిక్‌కి చూపించి, తర్వాతే తీసుకురండి. బ్యాటరీ విప్పుతాం కాబట్టి గడియారం, కొన్ని బండ్లలో స్టీరియో కోడ్ మళ్లీ పెట్టాల్సి వస్తుంది, ఆ కోడ్ దగ్గర పెట్టుకోండి.