భవనం సరే, పైపుల సంగతేంటి?

సంపాదకులు గారికి,

సెలవులు దగ్గర పడగానే పర్యాటక పేజీల్లో నదీతీర, సముద్రతీర నగరాల మీద వ్యాసాలు వరుస కడతాయి. మ్యూజియం, నాటకశాల, ఒడ్డు వెంబడి సైకిల్ దారి, కయాకింగ్, సూర్యాస్తమయం ఫొటో. ఆ నీళ్లలోకి దిగొచ్చా లేదా అన్న ముక్క మాత్రం కనిపించదు. పిల్లలతో వెళ్లేవాళ్లకు ముందుగా కావాల్సింది అదే కదా!

ఇలాంటి నగరం అనగానే స్పెయిన్‌లోని బిల్బావో పేరు చెబుతారు. 1997లో ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ డిజైన్ చేసిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియం తెరిచాక ఊరి దశ తిరిగిందంటారు. నిజమే కానీ, అది సగం కథ. ఫ్యాక్టరీల వ్యర్థాలతో, ఇళ్ల మురుగుతో పాడైపోయిన నెర్వియోన్ నదిని బాగు చేసే పని అంతకు చాలా ఏళ్ల ముందే మొదలైంది. నది కంపు కొడుతుంటే ఆ మ్యూజియం టైటానియం గోడల పక్కన ఎవరు నిలబడతారు? బిల్బావో చూసొచ్చిన పాలకులకు భవనం గుర్తుంటుంది, భూమిలోని మురుగు పైపులు గుర్తుండవు. వాటికి రిబ్బన్ కటింగ్ ఉండదు మరి.

పారిస్‌లో సెన్ నదిలో ఈతను 1923లోనే నిషేధించారు. పాత నగరాల్లో చాలాచోట్ల వాననీరు, మురుగు ఒకే పైపులో పోతాయి. కుండపోత పడితే పైపు పట్టక ఆ నీళ్లన్నీ నేరుగా నదిలోకే. అందుకే 2024 ఒలింపిక్స్‌కు ముందు నది శుద్ధికి సుమారు 140 కోట్ల యూరోలు ఖర్చు పెట్టారు. ఆస్టర్‌లిట్జ్ రైల్వే స్టేషన్ దగ్గర భూగర్భంలో 50 వేల ఘనపు మీటర్ల నీళ్లు పట్టే ట్యాంకు కట్టారు. వాన వెలిశాక అందులోని నీళ్లను మెల్లగా శుద్ధి కేంద్రానికి పంపుతారు. 2025 జులైలో మూడు చోట్ల జనం ఉచితంగా ఈత కొట్టేలా ఏర్పాట్లు చేశారు. ఇప్పటికీ వాన గట్టిగా పడితే మూసేస్తారు. ఏ రోజు దిగొచ్చో ఒడ్డున ఉన్న జెండా రంగే చెబుతుంది.

నాకు ట్యాంకు కన్నా ఆ జెండానే ఎక్కువ నచ్చింది. నీళ్లు బాగోలేవని చెబితే టూరిస్టులు రారేమోనన్న టెన్షన్ చాలా నగరాలది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ ఆ భయం పెట్టుకోలేదు. 2002లో హార్బర్‌లో ఈత స్థలం తెరిచింది, నీటి నాణ్యతను జనానికి ఎప్పటికప్పుడు తెలియజేస్తోంది. అయినా జనం రావడం మానలేదు.

తీర నగరాలకు ఆహ్వానించేవాళ్లు తాజా నీటి పరీక్ష ఫలితాన్ని, ప్రవాహాల ప్రమాదాన్ని ఒడ్డునే బోర్డు మీద రాయాలి. పడవలు అద్దెకిచ్చేవాళ్లు కూడా ఆ మాట చెప్పాకే తెడ్డు చేతికివ్వాలి. గట్టి వాన తర్వాత ఒకట్రెండు రోజులు నీళ్లలోకి దిగకపోవడం మంచిదని ఎంతమంది పర్యాటకులకు తెలుసు?

మీ పర్యాటక పేజీకి కూడా ఓ విన్నపం. హోటళ్లు, చూడాల్సిన ప్రదేశాల జాబితా పక్కన నీళ్ల గురించి ఒక్క లైను వేయండి. తెలియకపోతే ‘సమాచారం ఇవ్వలేదు’ అని వేసినా చాలు, ఆ నగరంవాళ్లే ఫోన్ చేసి చెబుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు