పేద జట్టు కాదండీ, పిసినారి జట్టు

సంపాదకుడు గారికి,

నమస్కారం. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వరసగా రెండోసారి వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ కప్పు) కొట్టినప్పుడు మీ స్పోర్ట్స్ పేజీలో ఒక ముక్క వేశారు కదా, డబ్బున్నోడిదే కప్పు అని, దాని గురించి ఈ ఉత్తరం. ఆఫీసు పనుల్లో పడి లేటైంది, ఇక వదిలేద్దాం అనుకున్నా గానీ నిద్ర పట్టలా. చివర్లో మీరు "ఓక్లాండ్ లాంటి పేద జట్లు" ఏం చేస్తాయి పాపం అని జాలిపడ్డారు. నాలుగు మాటల్లో రెండు తప్పులండీ. ఓక్లాండ్‌లో ఇప్పుడు జట్టే లేదు, ఊరొదిలి పోయింది, ఉన్నన్నాళ్ళూ అది పేద జట్టు కానే కాదు.

కందకి లేని దురద కత్తిపీటకెందుకు, తెనాలి వాడికి బేస్‌బాల్ గొడవేంటి అని మీ పాఠకులు నవ్వుకోవచ్చు. నేను ఫ్రీమాంట్‌లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నా. ఇక్కడ బార్ట్ రైలెక్కితే అరగంట లోపు కొలీజియం స్టేషన్, దిగి వంతెన మీద నడిస్తే స్టేడియం గేటు. వచ్చిన కొత్తల్లో టికెట్ చవకని వెళ్ళేవాళ్ళం, అర్థమయ్యేది కాదు, తర్వాత అర్థమైంది, ఆ తర్వాత మావాడు పుట్టి వాడికి పిచ్చి పట్టింది, వాడి వల్ల నాకూ పట్టింది. స్టేడియం గొప్పదని అనను. డ్రైనేజీ నీళ్ళు పైకి తన్నేవి, అడవి పిల్లులు తిరిగేవి, ఫుట్‌బాల్ వాళ్ళ కోసం మధ్యలో ఒక పెద్ద స్టాండ్ కట్టి వెనకాల కొండలు కనపడకుండా చేశారు. అయినా రైట్ ఫీల్డ్ వైపు డ్రమ్ములు మొదలెడితే మన ఊరి జాతర గుర్తొచ్చేది.

ఇప్పుడు డబ్బు సంగతి. మన ఐపీఎల్‌లో లాగా ఇక్కడ అందరికీ ఒకే పర్సు ఉండదు. ఎవడి దగ్గర ఎంతుంటే అంత పెట్టుకోవచ్చు, మరీ ఎక్కువ పెడితే లగ్జరీ ట్యాక్స్ కడతాడు అంతే. కాబట్టి డాడ్జర్స్ ఓహ్తానీకి 70 కోట్ల డాలర్లు ఇచ్చారు, న్యూయార్క్ మెట్స్ సోటోకి 76.5 కోట్లు ఇచ్చారు. అందుకే చిన్న ఊళ్ళ జట్లు బతకాలని ప్రతి జట్టూ తన లోకల్ ఆదాయంలో దాదాపు సగం ఒక హుండీలో వేస్తుంది, దాన్ని 30 మందికీ పంచుతారు. ఆ డబ్బు ఆట బాగు చేసుకోడానికే వాడాలని రూలు కూడా ఉంది. మీ వ్యాసంలో ఈ హుండీ మాటే లేదు! ఓక్లాండ్ ఓనరు జాన్ ఫిషర్ ఎవరనుకుంటున్నారు, గ్యాప్ బట్టల కంపెనీ పెట్టిన కుటుంబం. ఆ పేదరికం మనక్కూడా వస్తే బాగుండు.

ఇక్కడ ఆటగాడు పైస్థాయికొచ్చాక దాదాపు ఆరేళ్ళు ఆ జట్టు చేతిలోనే ఉంటాడు. మొదటి మూడేళ్ళు కనీస జీతానికి అటూఇటూ, తర్వాత మూడేళ్ళు కొంచెం పెరుగుతుంది, ఆరేళ్ళయ్యాక స్వేచ్ఛ, అప్పుడే అసలు రేటు. ఓక్లాండ్ వాళ్ళు ఏం చేసేవాళ్ళంటే మొక్క నాటి, నీళ్ళు పోసి, కాపుకొచ్చే టైముకి పక్కోడికి చెట్టు అమ్మేసి మళ్ళీ నాలుగు మొక్కలు తెచ్చుకునేవాళ్ళు. జాష్ డొనాల్డ్‌సన్‌ని 2014 నవంబర్‌లో టొరంటోకి ఇచ్చేశారు, 2015లో అక్కడ ఎంవీపీ, అంటే లీగ్‌లో ఆ ఏడాది మేటి ఆటగాడు, అయ్యాడు. మార్కస్ సెమియెన్ ఈ బే ఏరియా కుర్రాడే, బర్క్‌లీలో చదివాడు. 2020 సీజన్ అయ్యాక అతనికి ఒక్క ఏడాదికి 1.25 కోట్ల డాలర్లు ఆఫర్ చేశారట, అందులో కోటి డాలర్లు ఏడాదికి పది లక్షల చొప్పున వాయిదాల్లో ఇస్తామన్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. మనం ఫ్రిజ్ కొన్నట్టు! అతను టొరంటో వెళ్ళి 45 హోమ్‌రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టి, అక్కణ్ణించి టెక్సస్ వాళ్ళ దగ్గర 17.5 కోట్ల కాంట్రాక్ట్ తీసుకుని, 2023లో కప్పు కూడా ఎత్తాడు.

2022 మార్చి అయితే మా ఇంట్లో ఎవరికీ గుర్తుచెయ్యకూడదు. ఐదు రోజుల్లో ముగ్గుర్ని పంపేశారు, బాసిట్, ఓల్సన్, చాప్‌మన్. మావాడి గోడ మీద ఓల్సన్ పోస్టర్ ఉండేది. ట్రేడ్, అంటే జట్టు మార్పిడి, అయిన మర్నాడే అట్లాంటా వాళ్ళు ఓల్సన్‌కి ఎనిమిదేళ్ళకి 16.8 కోట్లు రాసిచ్చారు, వాడు 2023లో 54 హోమ్‌రన్లు కొట్టాడు. అదే 2023లో మేం 112 మ్యాచ్‌లు ఓడిపోయాం. చాప్‌మన్ ఇప్పుడు ఎక్కడున్నాడో తెలుసా, బే దాటితే కనపడే శాన్‌ఫ్రాన్సిస్కోలో, 15.1 కోట్లకి.

మా అపార్ట్‌మెంట్లో ఒక శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ అభిమాని ఉన్నాడు, మన విజయవాడ వాడే, వాడెప్పుడూ "డబ్బు ఓనర్‌ది బావా, వాడిష్టం" అంటాడు. వాడి డబ్బయితే వాడిష్టమే, హుండీ డబ్బు ఎవరిష్టం? ఇంకో మాట కూడా అంటాడు, జనం రాకపోతే ఎలా ఖర్చుపెడతాడు అని. కొట్లో సరుకంతా తనే అమ్మేసుకుని జనం రావట్లేదంటే ఎలా. జనం రాగలరని 2023 జూన్ 13న చూపించారు కదా, మామూలు మంగళవారం, 27,759 మంది కావాలని వచ్చారు, "అమ్మెయ్" అని రాసిన టీషర్టులేసుకుని. నేనూ మావాడూ వెళ్ళాం. ఐదో ఇన్నింగ్స్‌లో ముందు స్టేడియం మొత్తం ఊపిరి బిగబట్టి, తర్వాత ఒక్కసారిగా జట్టుని అమ్మెయ్యమని అరిచింది, మా బీపీలు పెరిగాయి గానీ ఓనర్ చెవికి ఎక్కలా. ఆ రాత్రి గెలిచింది కూడా మేమే, 2-1.

డబ్బు తక్కువైతే ఆడలేరన్నది కూడా అబద్ధం. టంపా వాళ్ళు తక్కువ జీతాల్తోనే 2008లో, 2020లో వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళారు. మెట్స్ 2023లో అందరికంటే ఎక్కువ పోసి 75 గెలిచి 87 ఓడారు. మనకి తెలియని బాధా కాదు, ఐపీఎల్‌లో అందరికీ పర్సు ఒకటే అయినా రషీద్ ఖాన్‌ని వదులుకున్నాం, వాడు మరుసటి ఏడాదే గుజరాత్‌తో కప్పు కొట్టాడు. బుర్ర తక్కువైతే ఎవడేం చేస్తాడు.

ఆఖరికి ఆడలేక మద్దెల ఓడన్నట్టు స్టేడియం మీద నెట్టేసి లాస్ వెగాస్‌కి బేరం పెట్టారు. నెవాడా సర్కారు 38 కోట్ల డాలర్ల ప్రజాధనం ఒప్పుకుంది. అక్కడి టీచర్ల సంఘం దీన్ని జనం ఓటుకి పెట్టండి అని పోరాడితే 2024లో నెవాడా సుప్రీంకోర్టు ఆ పిటిషన్ చెల్లదంది. బడికి డబ్బుల్లేవు గానీ స్టేడియానికి ఉంటాయి, ఈ మాట ఏ దేశంలో చెప్పినా అర్థమవుతుంది లెండి. మన దగ్గరా కట్టేటప్పుడు శంకుస్థాపనకి మంత్రులందరూ వస్తారు, తర్వాత బాత్రూంలో నీళ్ళొస్తున్నాయా లేదా అని చూసేవాడు ఒక్కడుండడు. 1976లో ఇదే జట్టు ఓనర్ ఫిన్లే ముగ్గురు స్టార్లని 35 లక్షల డాలర్లకి అమ్ముకోబోతే కమిషనర్ ఆటకి మంచిది కాదని ఆపేశాడు. ఇప్పుడో, ఊరినే అమ్మేస్తుంటే 30 మంది ఓనర్లూ 30-0 ఓటేశారు.

నిజం చెప్పాలి కాబట్టి ఇదీ రాస్తున్నా. 2006లో ఈ జట్టు మా ఫ్రీమాంట్‌కే వస్తానంది, స్టేడియం ప్లాను కూడా ప్రకటించారు. ట్రాఫిక్ పెరుగుతుందని ఊళ్ళో గోల చేశారు, 2009 ఫిబ్రవరిలో మానుకున్నారు. ఆ గోల చేసినవాళ్ళలో నేనూ ఉన్నా, ఒక కాగితం మీద సంతకం పెట్టా. అప్పటికి మావాడు పుట్టలేదు.

2024 సెప్టెంబర్ 26న కొలీజియంలో ఆఖరి మ్యాచ్ అయిపోయింది, 57 సీజన్లు, నాలుగు కప్పులు. వెగాస్ స్టేడియం పూర్తయ్యేదాకా ఇప్పుడు సాక్రమెంటోలో ఒక చిన్న మైనర్ లీగ్ (కింది స్థాయి లీగ్) గ్రౌండ్‌లో ఆడుతున్నారు, పేరు ముందు ఏ ఊరూ పెట్టుకోలేదు, ఉత్త అథ్లెటిక్స్ అంట. తమాషా ఏంటంటే మాకు లేని డబ్బు అక్కడికి పోగానే పుట్టుకొచ్చింది. సెవెరీనోకి 6.7 కోట్లు, రూకర్‌కి 6 కోట్లు, బట్లర్‌కి 6.55 కోట్లు. హుండీ డబ్బు లెక్క చూపించకపోతే ఆటగాళ్ళ యూనియన్ ఫిర్యాదు చేస్తుందని భయంతో ఇచ్చారని ఇక్కడ పేపర్లు రాశాయి, మీరే రాయలేదు. మీ స్పోర్ట్స్ పేజీ సగం ప్రకటనలే అయిపోయింది, మిగిలిన సగంలో ఏజెన్సీ వార్తని తిరగేసి వేస్తున్నారు, ఒకప్పుడు జిల్లా కబడ్డీ స్కోర్లు కూడా వేసేవాళ్ళు మీరు.

2025 జులైలో మళ్ళీ మేసన్ మిల్లర్‌ని శాన్ డియాగోకి ఇచ్చేసి డి వ్రీస్ అనే పద్ధెనిమిదేళ్ళ కుర్రాణ్ణి, ఇంకో ముగ్గుర్ని తెచ్చారు. మంచి ట్రేడ్ నాన్నా, ఆ పిల్లాడు పెద్ద ప్లేయర్ అవుతాడు అంటాడు మావాడు. అవుతాడు, నేనూ ఒప్పుకుంటా, అయ్యాక ఎవరికి అమ్ముతారో చూద్దాం. వచ్చే సీజన్‌కి కర్ట్జ్ అనే వాళ్ళ ఆటగాణ్ణి చూడ్డానికి సాక్రమెంటో వెళ్దాం టికెట్లు కొనమంటున్నాడు, నేను కొననన్నా. ఫ్రెండ్స్‌తో వెళ్తాడంట. వెళ్తే ఓక్లాండ్ అని ఉన్న పాత జెర్సీ వేసుకుని వెళ్ళమన్నా.

మీ పాఠకుడు,
ఫ్రీమాంట్, కాలిఫోర్నియా