కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: సెల్లార్ల నీళ్లు, బురద, చెమ్మ

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

వీధి దీపాలు, పార్కు, చెత్త బండి, సభ్యత్వ రుసుము, ఇలా ఒక్కో అంశాన్నీ రెండేసి వాక్యాల్లో చెప్పి ముగించడం మన వార్షిక నివేదికకు ఆనవాయితీ. ఈ ఏడాది సంఘం సమయమూ, నిధీ, సభ్యుల ఒళ్లు కష్టమూ చాలా వరకు మునిగిన సెల్లార్లకే ఖర్చయ్యాయి కనుక, నివేదికను పూర్తిగా ఆ పనికే కేటాయిస్తున్నాము. మిగతా కార్యక్రమాల వివరాలు సంఘం గదిలోని నోటీసు బోర్డులో ఉన్నాయి.

కర్నూలులో వరద అనగానే ఎవరికైనా 2009 అక్టోబరు 2 గుర్తుకొస్తుంది. ఆనాడు తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగాయి. దిగువన శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటి 896 అడుగుల దాకా నిండడంతో నీళ్లు వెనక్కి తన్ని ఊరిని ముంచాయి. ఈసారి నదులకు ఏ సంబంధమూ లేదు. వినాయక చవితి దాటాక ఒక రాత్రి ఏకధాటిగా కురిసిన వానకు పూడికతో నిండిన మురుగు కాలువ పొర్లి, పల్లంలో ఉన్న మన రెండు వీధుల్లోకి నీళ్లు మళ్లి, ర్యాంపుల మీదుగా సెల్లార్లలోకి దిగాయి. కొన్ని ఇళ్లలో వీధి నీళ్లు గేటు దాటకముందే సెల్లార్ నేలలోని తూములోంచి మురుగు పైకి తన్నింది. నది వరద తీస్తే ఇంట్లోని నీళ్లు చాలా వరకు వాటంతట అవే పోతాయి, సెల్లార్‌లో నిలిచినవాటికి ఆ దారి లేదు. పైగా మనది నల్లరేగడి నేల. ఒకసారి తాగిన నీటిని అది వారాల తరబడి వదలదు. మన కాలనీలో సెల్లార్లు ఉన్న ఇళ్లలో ఎక్కువ భాగం 2009 తరువాత కట్టినవే కావడంతో, ఈ అనుభవం దాదాపు అందరికీ కొత్త.

మొదటి రాత్రి ఎవరినీ సెల్లార్‌లోకి దిగనివ్వకుండా ఆపడమే సంఘానికి పెద్ద పని అయింది. కారు ఉందని ఒకరు, బియ్యం బస్తాలు ఉన్నాయని ఒకరు, రిజిస్ట్రేషన్ కాగితాల పెట్టె ఉందని మరొకరు మోకాలి లోతు నీళ్లలోకి దిగబోయారు. చాలా ఇళ్లలో మీటరు బోర్డు, నీటి మోటారు స్టార్టరు సెల్లార్‌లోనే ఉన్నాయి. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి వీధికి కరెంటు తీయించినా ముప్పు పూర్తిగా తొలగలేదు, ఎందుకంటే మెట్ల కింద పెట్టిన ఇన్వర్టర్లు అప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయి. బయట కరెంటు పోగానే ఇన్వర్టరు అందుకుంటుందనీ, దాని తీగల్లో ప్రవహించేదీ ప్రాణం తీసే కరెంటేననీ ఆ హడావుడిలో ఎవరికీ తట్టదు. ఎలక్ట్రీషియన్ పై అంతస్తు బోర్డు నుంచి ఒక్కో ఇంటి ఇన్వర్టరు లైను విడదీసిన తరువాతే ఆ ఇంటి సెల్లార్ తలుపు తెరవాలని కార్యవర్గం గట్టిగా నిలబడింది. ఆ రాత్రి కొందరు సభ్యులు మాపై కోపగించుకున్నారు. కోపం రెండు రోజుల్లో చల్లారింది, అందరూ క్షేమంగా ఉన్నారు.

నీళ్లు తోడటానికి చుట్టుపక్కల గ్రామాల రైతుల నుంచి ఆయిల్ ఇంజన్లు అద్దెకు తెచ్చాము. ఇంజన్‌ను కిందికి దించితే పైపు పొట్టిగా సరిపోతుందని పనివాళ్లు అన్నారు గానీ, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, గాలి ఆడని సెల్లార్‌లో అది మనిషిని నిమిషాల్లో పడగొడుతుంది. ఇలాంటి ఇంజన్ ఇరవై అడుగుల లోతు నుంచి కూడా నీటిని పీల్చగలదు. మన సెల్లార్లు పది అడుగుల లోపే కనుక ఇంజన్‌ను రోడ్డు మీదే ఉంచి, పీల్చే పైపును మాత్రమే కిందికి వదిలాము. పీల్చే పైపు కింది కొసనుండే ఫుట్‌వాల్వుకు పాలిథీన్ కవర్లు అడ్డం పడి మాటిమాటికీ ఇంజన్ గాలి పట్టేది. చివరికి పాత ప్లాస్టిక్ కూరగాయల బుట్టలో ఫుట్‌వాల్వును పెట్టి నీళ్లలోకి దించడంతో ఆ బాధ తీరింది.

తోడే వేగం దగ్గర మాత్రం సభ్యులతో నిజంగానే వాదన జరిగింది. ఒక్క పూటలో సెల్లార్ ఖాళీ చేయగల ఇంజన్‌ను మధ్యలో ఎందుకు ఆపుతున్నారని అడిగారు. కారణం గోడల అవతల ఉంది. నీటితో నానిన మట్టి బయటి నుంచి గోడను నెడుతుంటే, లోపల నిలిచిన నీళ్లే ఎదురు నెట్టి గోడను నిలబెడతాయి. నీటి లోతు అడుగు పెరిగేకొద్దీ అడుగున చదరపు మీటరుకు సుమారు 300 కిలోల ఒత్తిడి పెరుగుతుంది. అయిదడుగుల నీళ్లను ఒక్కసారిగా తీసేస్తే, ఆ ఎదురు బలం పోయి గోడ లోపలికి కుంగవచ్చు, నేల బండలు ఉబ్బి పైకి లేవవచ్చు. అందుకే మూడో వంతు తీయడం, మెట్ల పక్క గోడ మీద బొగ్గుతో గీత గీయడం, తెల్లవారి చూసి నీళ్లు గీత దాటి పైకి రాకపోతేనే తరువాతి వంతు తీయడం పద్ధతిగా పెట్టుకున్నాము. కాలువ పక్కనున్న ఒక ఇంట్లో రాత్రికి రాత్రి నీళ్లు గీతను దాటి జానెడు పైకి వచ్చాయి. ఆ ఇంట్లో తోడటం ఆపి, కాలువలో మట్టం తగ్గేదాకా ఆగాము. ఆ ఇంటి గోడలో నెర్రె లేదు.

నీళ్లు పోయాక మిగిలింది బురద. అది తడిగా ఉండగానే తీయాలి, ఎండిందా రేగడి బురద గచ్చులా బిగుసుకుంటుంది. పారలతో, తట్టలతో ఎత్తి, మిగిలినదాన్ని తక్కువ నీటితో వైపర్‌తో నెట్టి తీశాము. దిగినవాళ్లందరికీ మోకాళ్ల దాకా బూట్లు, రబ్బరు తొడుగులు సంఘమే కొని ఇచ్చింది. ఆ బురదలో మురుగు కలిసింది, ఎలుకల మూత్రమూ కలిసి ఉండవచ్చు. కాలి మీద చిన్న గీత పడినా దాని గుండా ఎలుక జ్వరం ఒంట్లోకి చేరవచ్చు. గాయమైన వారిని వెంటనే టీటీ ఇంజెక్షన్‌కు పంపాము, తరువాతి వారాల్లో జ్వరం వస్తే బురదలో పనిచేసిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పమన్నాము. అట్టపెట్టెల సందుల్లో తేళ్లు కనిపించాయి కాబట్టి ఏ వస్తువునూ చేత్తో ఎత్తకుండా ముందు కర్రతో కదిలించాము.

మన ఇళ్లలో పరిచినవి ఎక్కువగా బేతంచెర్ల నాపరాళ్లు. పైకి శుభ్రంగా కనిపించిన ఒక సెల్లార్‌లో వారం గడిచినా కుళ్లు వాసన పోకపోతే, బండల మీద గడ్డపార మొనతో తట్టి చూశాము. కొన్ని బండలు గట్టిగా పలికాయి, కొన్ని డొల్లగా. డొల్లగా పలికిన బండను ఎత్తగానే దాని కింది ఇసుక పరుపు నల్లగా, నీళ్లోడుతూ, మురుగు కంపు కొడుతూ కనిపించింది. అతుకుల్లోని సిమెంటు రాలిపోయిన చోటల్లా ఇదే వరస. అలాంటి చోట్ల బండలను తీసి నిలబెట్టి, కింది ఇసుకను తవ్వి పారబోసి, నేలను రెండు మూడు వారాలు అలా వదిలేసిన తరువాతే కొత్త ఇసుకతో మళ్లీ పరిపించాము. పైన ఎన్నిసార్లు ఫినాయిల్ పోసినా ఆ వాసన పోయేది కాదు.

ఆ బండలను యాసిడ్‌తో కడగవద్దని ఇంటింటికీ తిరిగి చెప్పాల్సి వచ్చింది. నాపరాయి సున్నపురాయి జాతి. యాసిడ్ పడితే నురగ కక్కి, పై పొర కరిగి, మెరుపు పోయి, గరుకు తేలుతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, కొందరు బ్లీచింగ్ పౌడరు చల్లిన నేల మీదే యాసిడ్ పోయబోయారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది, మూసి ఉన్న సెల్లార్‌లో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. బ్లీచింగ్ పౌడరును బురద మీద చల్లడం కూడా దండగే, అందులోని క్లోరిన్ అంతా బురదలోని మురికితోనే ఖర్చయిపోతుంది. ముందు బురద, తరువాత సబ్బు నీళ్లు, ఆ తరువాతే బ్లీచింగ్ అన్న వరుసను అన్ని ఇళ్లలోనూ పాటించాము.

నిల్వ సరుకుల సంగతి బాధాకరమైనది. ఏడాదికి సరిపడా సోనా మసూరి బస్తాలను సెల్లార్‌లో పేర్చుకోవడం మన ఊళ్లో మామూలే. నానిన బస్తాల దొంతరలో చెయ్యి పెడితే నడిమి బియ్యం వేడిగా తగిలింది, పులిసిన వాసన కొట్టింది. పైవరస బస్తాలు తడవలేదనీ, ఎండబెట్టుకుంటే పనికొస్తాయనీ పెద్దవాళ్లు అన్నారు. పూర్తిగా పొడిగా ఉన్న బస్తాలను వేరుచేసి వాడుకున్నాము. మురుగు నీరు తాకిన గింజను మాత్రం ఎండలో పోసినా, కడిగినా తినడానికి పనికిరాదు. బూజు పట్టిన వేరుశనగలోనైతే వండినా పోని విషం చేరే ప్రమాదం ఉంది, కాబట్టి దాన్ని పశువులకూ వేయనివ్వలేదు. అన్నాన్ని పారబోయడానికి చేతులు రాని ఇళ్లలో ఈ మాట చెప్పి ఒప్పించడం కార్యవర్గంలోని మహిళా సభ్యుల వల్లే అయింది.

సంపుల విషయంలో ఒకే నియమం పెట్టుకున్నాము: సంపులోకీ, సెప్టిక్ ట్యాంకులోకీ మనిషిని దించకూడదు. సెప్టిక్ ట్యాంకుల్లోకీ మురుగు గుంతల్లోకీ రక్షణ లేకుండా మనుషులను దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. చట్టం లేకపోయినా, మూసి ఉన్న గుంతలో ఊపిరాడక ప్రాణాలు పోయిన వార్తలు మనం ఏటా చదువుతున్నవే. ట్యాంకులను పీల్చే బండితో ఖాళీ చేయించాము. తాగునీటి సంపులను పైనుంచే పొడవు కర్ర బ్రష్షులతో రుద్ది, మోటారుతో తోడి, రెండుసార్లు కడిగి నింపాము. ఆ తరువాత కూడా వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపి, గంటసేపు ఆగి వాడమన్నాము. కొన్ని వారాల పాటు తాగడానికి కాచిన నీళ్లే వాడమని కూడా చెప్పాము.

ఇక ఆరబెట్టడం. ఇది ఓపికతో కూడిన పని, చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ కనిపించదు. తడిసిన వస్తువు మీద ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది కనుక పరుపులు, చెక్కపొడి అట్టలతో చేసిన అల్మారాలు, నానిన ప్లైవుడ్ వెంటనే బయటపడేశాము. టేకు సామాను, ఇనుప బీరువాలు కడిగి నీడలో ఆరబెడితే నిలిచాయి. గోడలకు మాత్రం తలుపులు బార్లా తెరిస్తే చాలదు. ముసురు పట్టిన రోజుల్లో బయటి గాలి తేమతో బరువుగా ఉంటుంది. అది చల్లటి సెల్లార్ గోడను తాకితే ఆరాల్సిన గోడే చెమర్చుతుంది. వాన ఉన్నన్ని రోజులూ వెంటిలేటర్లు మూసి, ఎండ కాసిన రోజుల్లో తెరిచి, ఒక మూల పెద్ద ఫ్యాను లోపలి గాలిని ర్యాంపు వైపు తోసేలా పెట్టించాము. ఏసీ ఉన్న గదుల్లో దాన్ని నడిపితే పైపు గుండా బకెట్ల కొద్దీ నీళ్లు దిగాయి, గాలిలోని తేమే అలా నీరై వచ్చింది. గోడ ఆరడానికి అంగుళం మందానికి ఒక నెల అన్నది కట్టడపు పనిలో స్థూలంగా వేసుకునే లెక్క. సెల్లార్ గోడకు ఒక వైపు మట్టే కనుక అది ఒక్క వైపు నుంచే ఆరాలి.

అయినా దీపావళికి రంగులు వేసేశారు కొందరు. సంక్రాంతి నాటికి ఆ గోడల మీద తెల్లని ఉప్పు పొర తేలి, రంగు బుడగలెత్తి, పెచ్చులుగా రాలింది. గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి సంఘం చెప్పిన పద్ధతి చాలా సులువు. అడుగు పలకంత ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి, ఒక రోజు తరువాత దాని వెనక చెమ్మ పట్టిందేమో చూడాలి. పడితే ఇంకా ఆగాలి. ఉప్పు తేలినచోట నీళ్లతో కడిగితే అది మళ్లీ గోడలోకే ఇంకుతుంది, కాబట్టి పొడి బ్రష్షుతో దులిపి ఎత్తేయాలి. ఆగలేని వారు ప్లాస్టిక్ ఎమల్షన్ మానేసి సున్నం వేసుకుంటే గోడలోని తేమ బయటికి పోయే దారి మిగులుతుంది. సున్నం ఇప్పటి ఇళ్లకు నప్పదని కొందరి అభిప్రాయం. దాన్ని మేము కాదనము, గోడ మాత్రం సున్నాన్నే కోరుతున్నది.

వాహనాల గురించి రెండు మాటలు. మునిగిన కారును, బండిని స్టార్ట్ చేయకుండా బ్యాటరీ తీగ తప్పించి, అలాగే షెడ్డుకు లాగించిన వారికి ఖర్చు తక్కువైంది. థర్డ్ పార్టీ బీమాకు వరద నష్టం వర్తించదు, నీళ్లున్న ఇంజన్‌ను తిప్పి పాడుచేసుకుంటే మామూలు పూర్తి బీమాలోనూ చాలాసార్లు ఆ ఖర్చు ఇవ్వరు. తడిసిన దస్తావేజులను ఎండలో పెట్టకుండా పుటల మధ్య పొడి కాగితాలు మారుస్తూ నీడలో ఆరబెట్టుకోమన్నాము. అక్షరాలు చెరిగిన రిజిస్ట్రేషన్ పత్రాలకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో సర్టిఫైడ్ కాపీలు ఇస్తారు.

ఇంజన్ల అద్దె, డీజిలు, పీల్చే బండి, బూట్లు, బ్లీచింగ్ పౌడరు, ఎలక్ట్రీషియన్ కూలి అన్నీ సంఘం నిధి నుంచే చెల్లించాము. బిల్లులతో సహా లెక్కల పుస్తకాన్ని కోశాధికారి సర్వసభ్య సమావేశంలో సభ్యుల ముందుంచుతారు. పల్లపు వీధుల ఖర్చును అందరూ ఎందుకు భరించాలన్న ప్రశ్న లిఖితపూర్వకంగా వచ్చింది. ఎగువ వీధుల వాన నీళ్లు కూడా ఆ పల్లం గుండానే పోతున్నాయన్నది కార్యవర్గం జవాబు. దానిపై చర్చకు సమావేశంలో సమయం కేటాయించాము.

రానున్న వానాకాలానికి ముందు చేయదలచిన పనులను తీర్మానాలుగా ప్రవేశపెడుతున్నాము. సెల్లార్ తూములున్న ప్రతి ఇంటా మురుగు వెనక్కి తన్నకుండా నాన్ రిటర్న్ వాల్వు బిగించుకోవాలి. ర్యాంపు మొదట్లో వీధి మట్టం కన్నా ఎత్తుగా, వాహనం ఎక్కి దిగేలా, సిమెంటు కట్ట పోయించుకోవాలి. మీటరు బోర్డునూ ఇన్వర్టరునూ పై అంతస్తుకు మార్పించాలి. వీటిలో మొదటి రెండింటికి సగం ఖర్చు సంఘం భరించాలన్నది మా ప్రతిపాదన, మూడోది ఇంటి యజమాని బాధ్యత. మురుగు కాలువ పూడిక తీయించమని ఇచ్చిన వినతిపత్రం నకలు ఫైలులో ఉంది. మే నెల లోపు ఆ పని జరగకపోతే సభ్యులం కలిసి వెళ్లి మళ్లీ అడగాలి. ఆయిల్ ఇంజన్ ఒకటి సంఘమే కొనాలా, ఏటా అద్దెకు తెచ్చుకోవాలా అన్నది సభ్యుల ఓటుకు వదిలిపెట్టాము. కొనాలనుకుంటే దాన్ని నెలకోసారి నడిపి చూసే బాధ్యత ఎవరిదో అదే సమావేశంలో తేల్చాలి. ఇంకా చెమ్మ వదలని ఇళ్లలో ప్లాస్టిక్ కాగితపు పరీక్షను ఉగాది తరువాత మరోసారి చేస్తాము. ఆ యజమానులు అందాకా రంగుల పని మొదలుపెట్టవద్దని కోరుతున్నాము.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున
కర్నూలు